జవాబు వచ్చే పేజీ

మాలకొండయ్యకు చెవులు పోయి ఎనిమిదేళ్ళయింది. గొంతు మాత్రం పోలేదు. పోకపోగా పెరిగింది. తన మాట తనకే వినబడని మనిషి ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో అతనికి ఎవరు చెప్పాలి? కొనకనమిట్ల దగ్గరి వాళ్ళ ఊళ్ళో ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగితే బస్సు కోసం నిలబడ్డవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. భార్య మల్లమ్మ చెంబు చేతికిస్తూ పెదవుల మీద వేలు పెట్టుకుని కళ్ళురిమేది. ఆయన నవ్వి, ఇంకాస్త గట్టిగా "సరేలేవే" అనేవాడు.

చెవులు పోవడంలో ఎవరి తప్పూ లేదు. మందులకు లొంగని టీబీ వచ్చింది. నెలల తరబడి రోజూ సూది వేయించుకోవాలన్నారు. ఆ సూది కొందరికి చెవుడు తెస్తుందని, మానేస్తే జబ్బు మనిషినే తీసుకుపోతుందని ముందే చెప్పారు. మాలకొండయ్య ఆలోచనలో పడితే మల్లమ్మ ఆలోచించలేదు. "చెవులు పోతే పోనీ. నేను చెప్పేది ఇన్నాళ్ళు నీ చెవికెక్కిందా ఏంది?" అన్నది. ఆయన బాగా విన్న ఆఖరి మాటల్లో అదొకటి. నాలుగో నెలకు చెవుల్లో ఒకటే హోరు. ఆరో నెలకు ఆ హోరు కూడా లేదు.

ఇంట్లో ఉన్నంతకాలం అదేమంత కష్టం కాలేదు. సైగలున్నాయి, మల్లమ్మ ముఖం ఉంది. ఆ ముఖంలో తిట్టు వేరు, ఆకలి వేరు, అనుమానం వేరు. అన్నీ చదవగలడు. చిక్కంతా గొర్లతో వచ్చింది. ఎండాకాలం మొదలైతే కొనకనమిట్ల చుట్టుపక్కల గడ్డిపోచ ఉండదు. మందను తోలుకుని యర్రగొండపాలెం అవతల, నల్లమల అంచుకు పోవాలి. తొలకరి దాకా అక్కడే కాపురం. సొంతవీ ఊళ్ళోవాళ్ళవీ కలిపి నూట నలభై జీవాలు. తోడుగా అంకయ్య ఉంటాడు. మల్లమ్మకు వరసకు అన్న. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగినవాడు. అంకయ్యకు ఫోనూ లేదు, అక్షరమూ రాదు.

అడవి అంచున మాలకొండయ్య దగ్గర బటన్ల చిన్న ఫోన్ ఉండేది. దాంట్లోంచి ఇంటికి ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పేవాడు. మల్లమ్మ వినేది. ఆమె ఏమన్నదో మాత్రం ఆయనకు తెలిసేది కాదు. తెర మీద కాల్ సమయం ఒకటి, రెండు, మూడు అని కదులుతుంటే, ఆమె అవతల ఉన్నట్టే అనుకునేవాడు. "బాగున్నావా?" అని అడిగి, జవాబుకు పట్టేంతసేపు ఆగి, "ఆ, సరే" అనేవాడు. వినని జవాబుకు సరే అనడం ఎంత దిక్కుమాలిన పనో అనుభవించినవాడికే తెలుస్తుంది. అయిదు ఎండాకాలాలు అట్లాగే గడిచాయి.

కొడుకు కిరణ్ లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. వాడికి పెళ్ళయి కావ్య కోడలిగా వచ్చాక ఇంట్లోకి చదువొచ్చింది, టచ్ ఫోనొచ్చింది. మల్లమ్మ చెబితే కావ్య రాసి పంపుతుంది, మామ చదువుకుంటాడు. ఇంకేం కావాలి అనుకున్నారు. మాలకొండయ్య ఏడో తరగతి దాకా చదివినవాడు, తెలుగు బాగానే చదువుతాడు. కానీ కావ్య పంపిన మెసేజ్ చిన్న ఫోన్లోకి వచ్చేసరికి తెలుగు అక్షరాలన్నీ ఖాళీ డబ్బాలైపోయాయి. వరసగా ఇరవై డబ్బాలు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే ఆయన చదవలేడు. టచ్ ఫోనే కొనిచ్చారు. అడవిలో కరెంటేది? ఒక్కరోజుకు చచ్చిపోయేది. ఎండలో తెర మీద తన ముఖం తప్ప ఇంకేమీ కనబడేది కాదు. పదో రోజున పొట్టేలొకటి దాన్ని తొక్కింది. చిన్న ఫోనైతే నాలుగు రోజులు బతుకుతుంది, వాన తగిలినా ఊరుకుంటుంది. కాబట్టి చిన్న ఫోన్లోనే తెలుగులో జవాబు కనబడే దారి ఏదో వెతకాలి.

మార్కాపురం బస్టాండు దగ్గర లీదియా అనే అమ్మాయికి ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. మనిషి నిలబడితే రెండో మనిషికి చోటుండదు. ఆ దుకాణానికి మామ, అత్త, కోడలు ముగ్గురూ పోయారు. ఎందుకు ముగ్గురు అంటే, ఫోన్ మామది, చదువు కోడలిది. మరి అత్త? "జవాబు చెప్పేది నేను కదా. నేను లేకుంటే ఎట్ల?" అన్నది మల్లమ్మ.

మొదటిరోజు లీదియా అందరూ వాడే మెసేజ్‌ల యాప్ పెట్టబోయింది. ఈ ఫోన్లో ఇది నడవదు అని వచ్చింది. ఇంకో రోజు రమ్మన్నది. రెండోసారి నెట్‌లో తెరుచుకునే చాట్ పేజీలు పట్టుకుంది. ఒకటి పెద్ద ఫోన్‌తో గళ్ళ బొమ్మను ఫొటో తీయమంటుంది. పెద్ద ఫోనే ఉంటే ఇక్కడికెందుకొస్తారు? ఇంకోటి కంప్యూటరుకు సరిపోయేంత వెడల్పు. అగ్గిపెట్టెంత తెరలో ఒక మాట చదవాలంటే ఎడమనుంచి కుడికి బటన్ నొక్కుతూ పోవాలి, మాట చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాం. మరోటి పాస్‌వర్డ్ అడిగింది. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలట. కావ్య మూడు నిమిషాలు నొక్కి నొక్కి పూర్తిచేస్తే సమయం అయిపోయింది, మళ్ళీ మొదలుపెట్టమన్నది. చిన్న ఫోన్లు వాడేవాళ్ళు ఇంకా బతికే ఉన్నారని ఇవి తయారుచేసేవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఏందమ్మాయ్, మొగుడితో మాట్లాడనీకి ఇన్ని పరీక్షలా? నా పెళ్ళప్పుడు కూడా ఇన్ని అడగలా" అన్నది మల్లమ్మ. లీదియా పడీపడీ నవ్వింది. ఏమన్నదో తెలియకపోయినా మాలకొండయ్య కూడా నవ్వాడు. ఆమె ఏదో అంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు, ఆయన వాళ్ళ ముఖాలు చూసి నవ్వుతాడు. ఆరేళ్ళుగా అదే వరస.

మూడోసారి పోయినప్పుడు లీదియా ముఖం వెలిగిపోతోంది. ఇంట్లో ఒక పాత ఫోన్ పెట్టుకుని వారం రోజులు వెతికిందట. అక్షరాలను బొమ్మలుగా మార్చి చూపించే బ్రౌజరొకటి దొరికింది. ఇక డబ్బాల బెడద లేదు. దాంట్లో తెరుచుకునే చాట్ పేజీ కూడా దొరికింది. రంగుల్లేవు, ఫొటోల్లేవు. ఎవరు, ఎన్నింటికి, ఏమన్నారు. అంతే. ఒక చిన్న పాస్‌వర్డ్, ఒకసారి కొడితే చాలు. మల్లమ్మ చెప్పింది, కావ్య తన ఫోన్లో కొట్టింది, చిన్న ఫోన్లో తెలుగు కనబడింది.

మాలకొండయ్య ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని పైకే చదివాడు. "నీ గొంతు కొంచెం తగ్గించు. పాపం ఈ పిల్ల దుకాణం పడిపోయేట్టుంది." చదివింది ఎంత గట్టిగా అంటే పక్క టీ కొట్టువాడు తొంగిచూశాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం ఈసారి నవ్వలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత మల్లమ్మ మాట మల్లమ్మ మాటలాగే అందింది. సైగ కాదు, ఒకరు కుదించి చెప్పింది కాదు. ఆ వెటకారంతో సహా.

వచ్చేముందు లీదియా ఇంకొక సంగతి చూపించింది. తెరిచిన పేజీ ఫొటో లాంటిది, తెరిచినప్పుడు ఏముందో అదే ఉంటుంది. కొత్తవి చూడాలంటే సున్నా నొక్కాలి. చెవిటి మనిషికి ఇదంతా ఎట్లా చెప్పాలి? రెండు మూడుసార్లు నొక్కి చూపించింది. తన పాత ఫోన్లోంచి ఒక మాట పంపడం, మాలకొండయ్య ఫోన్లో సున్నా నొక్కడం, వచ్చిందా అని తల ఊపడం. ఆ పేజీలో ఏ మాట పడినా మల్లమ్మ చేతిలో ఉన్న కావ్య ఫోన్ కూడా వెలిగి మోగుతుంది కదా. లీదియా తన పాత ఫోన్లో ఏం చేసిందో మాలకొండయ్య గమనించలేదు. గమనించింది ఇది. లీదియా ఇక్కడ సున్నా నొక్కింది, అక్కడ మల్లమ్మ చేతిలో ఫోన్ ఉలిక్కిపడింది. మూడుసార్లూ అట్లాగే అయింది. ఓహో, సున్నా నొక్కితే అవతలివాళ్ళకు పిలుపు పోతుందన్నమాట అనుకుని, తెలిసిందన్నట్టు తల ఊపాడు. అందరూ తెలిసిందనే అనుకున్నారు.

వేరే మనిషైతే అట్లా అనుకున్నా నొక్కేవాడేమో. మాలకొండయ్య గొర్ల మనిషి. ఆ అడవి అంచున గొర్లు మేపేవాళ్ళకు ఒక కట్టుబాటుంది. చెట్ల చాటున ఉన్న మనిషిని ఒక్కసారే కేకేయాలి. వాళ్ళు వీలు చూసుకుని పలుకుతారు. అప్పటిదాకా ఎంతసేపైనా కాచుకోవాలి తప్ప మళ్ళీ కేకేయకూడదు. రెండో కేకంటే ఆపద. చిరుతో, పామో, మనిషి పడిపోవడమో. అది విన్నవాళ్ళు మందను వదిలేసి పరిగెత్తి రావాలి. ఇరవై ఏళ్ళ వయసులో మాలకొండయ్య ఒకసారి వేళాకోళానికి రెండో కేకేశాడు. పక్క మంద కాస్తున్న పిల్ల ముళ్ళలో చెప్పుల్లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది. ఏమీ లేదని తెలిసి, పాదాల నుంచి రక్తం కారుతుంటే, ఆయన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఆ పిల్లే మల్లమ్మ. ఆమె పాదాల్లో ముళ్ళు తీస్తూ ఆ రోజు ఒట్టేసుకున్నాడు, ఈ జన్మలో ఊరికే రెండో కేక వేయనని. మాట తప్పలేదు.

పోయిన ఎండాకాలం వాళ్ళిద్దరికీ కొత్త కాపురంలాగా గడిచింది. మకాం దగ్గర సిగ్నల్ లేదు. అరమైలు అవతల ఒక బండ మీద మాత్రం వస్తుంది. సాయంత్రం బండెక్కి ఫోన్ చేసి ఆ రోజు సంగతులు చెప్పేవాడు. కట్ చేసి, దిగి, మందను ఒకసారి లెక్క చూసుకుని, మళ్ళీ ఎక్కి పేజీ తెరిచేవాడు. ఈలోగా మల్లమ్మ చెప్పడం, కావ్య కొట్టడం అయిపోయేది. తెరిచేసరికి జవాబు సిద్ధంగా ఉండేది. సున్నాతో పనే పడలేదు. "మజ్జిగ తాగుతున్నావా, లేక అన్న వండే ఆ కారపు కూడే తింటున్నావా?" "నీ గొంతు విని కోడలు నవ్వుతుంది, నాకు సిగ్గు." ఒకరోజు ఉట్టినే, "ఏమీ లేదు. నువ్వు మాట్లాడితే బాగుంది" అని ఉంది. ఆ ఒక్కటీ ఆయన అంకయ్యకు చదివి వినిపించలేదు.

ఈ ఏడు మల్లమ్మకు ఉబ్బసం ముదిరింది. ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం పేజీ తెరిస్తే, మార్కాపురం ఆసుపత్రిలో చేర్చారని, కిరణ్ లారీ మీద దూరాన ఉన్నాడని ఉంది. కింద మల్లమ్మ మాట: "ఊరికే బెదరొద్దు. రేపు పొద్దున డాక్టరు చూసినాక వచ్చేదీ లేనిదీ చెప్తా. అప్పటిదాకా కదలొద్దు. ఈనే గొర్లు ఏడెనిమిది ఉన్నాయి, అన్న ఒక్కడు యాడ చేసుకుంటాడు?" మల్లమ్మ కదలొద్దంటే మాలకొండయ్య కదిలే మనిషి కాదు. రాత్రంతా కూర్చునే ఉన్నాడు.

తెల్లారి ఎనిమిదింటికి బండ మీదికి పోయి ఫోన్ చేశాడు. తెర మీద సమయం కదలగానే అడిగాడు. "మల్లా, డాక్టరు ఏమన్నాడు? నేను రావాల్నా? ఒక్క మాట చెప్పు, వచ్చేస్తా." కట్ చేశాడు. ఆ పూట మందను లెక్క చూసుకునే ఓపిక ఎక్కడిది? అక్కడే నిలబడి వెంటనే పేజీ తెరిచాడు. నిన్నటి మాటలే ఉన్నాయి. ఇంకా పలకలేదు అనుకున్నాడు.

కాచుకున్నాడు. ఫోన్ను తువ్వాలు మీద పెట్టి, మందను బండ చుట్టూనే తిప్పుతూ, వచ్చి చూడటం, పోవడం. తొమ్మిదైంది. పదైంది. అవే మాటలు. సున్నా మీద బొటనవేలు పెట్టి రెండుసార్లు తీసేశాడు. ఊపిరందక పడుకున్న మనిషి చేతిలో ఫోన్ మోగి, అది రెండో కేకగా తగిలితే? నాకే ఏదో అయిందనుకుని మంచం మీంచి లేస్తుంది అనుకున్నాడు. మళ్ళీ ఫోన్ చేసినా అంతే. పేజీ మూసి మళ్ళీ తెరుద్దామంటే, మూసిన క్షణంలోనే మాట వస్తే అది ఎక్కడికి పోతుందోనని భయం. డాక్టరు రాలేదేమో. నిద్రపోతుందేమో. బాగుంటే తీరిగ్గా చెబుదామనుకుందేమో. మంచిదాన్ని తలచుకోవడం మాలకొండయ్యకు అలవాటు. ఆ అలవాటు ఆయన్ను అయిదు గంటలు ఆ బండ దగ్గర కట్టేసింది. పేజీ తెరిచి ఉన్నంతసేపు ఆ ఫోన్‌కు కాల్ కలవదన్న సంగతి కూడా ఆయనకు తెలియదు.

ఒంటిగంటన్నరకు పశువుల ఆసుపత్రిలో పనిచేసే మహేంద్ర మోటారు సైకిల్ మీద వచ్చాడు. గొర్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపే రోజది. వచ్చిన పని చూడనివ్వకుండా మాలకొండయ్య అతనికి ఫోన్ చూపించాడు. "పొద్దున అడిగినా నాయనా, మా ఇంటిది ఆసుపత్రిలో ఉంది. ఇంకా పలకలా" అన్నాడు. మహేంద్ర పేజీ చూశాడు. మాటల పక్కనున్న సమయాలు చూశాడు. వేలు సున్నా మీదికి పోయింది. మాలకొండయ్య గబుక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు. "నొక్కొద్దు! బెదురుతుంది!"

అప్పటికే నొక్కేశాడు. తెర ఒకసారి తెల్లగా అయింది. తర్వాత మాటలు దిగాయి.

ఎనిమిది దాటి నాలుగు నిమిషాలకు: "రా. నాకోసం కాదు, కావ్య ఒక్కతే భయపడుతుంది."

ఎనిమిదిన్నరకు: "మందు తాపేది అన్న చూసుకుంటాడులే. బయలుదేరు."

పావు తక్కువ పదికి: "బయలుదేరినావా? నీ ఫోన్ కలవడం లేదంట."

పదీ యాభైకి: "నువ్వు ఇంతసేపు పలకని మనిషివి కాదు. నీకేమన్నా అయిందా? పలుకు."

పదకొండూ ఇరవైకి: "ఓయ్. రెండో కేక వేస్తున్నా."

దాని కింద కావ్య సొంతంగా రాసింది, పన్నెండూ నలభైకి: "మామా, అత్త మాట్లాడలేకపోతుంది. ముఖానికి గాలి పెట్టినారు. కళ్ళు తెరిచినప్పుడల్లా ఫోన్ వైపు చూపిస్తుంది, మీరేమన్నా చెప్పినారా అని. తొందరగా రండి."

ఒంటిగంటా పావుకు ఒకటే మాట. "మామా."

మాలకొండయ్య ఒక్కొక్కటే పైకి చదివాడు. రెండో కేక ఉన్న మాటను మళ్ళీ ఒకసారి చదివాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో మల్లమ్మ ఎన్నడూ వేయని కేక అది. వేసినప్పుడు ఆయన ఫోన్‌కు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు.

అంకయ్య కర్ర అందుకుని మంద వైపు నడిచాడు. మహేంద్ర మందు డబ్బా అక్కడే దించేసి మాలకొండయ్యను మోటారు సైకిల్ ఎక్కించుకున్నాడు. ముందు ఒక మాట ఫోన్లో చెప్పాలని ఆ తొందరలో ఇద్దరికీ తోచలేదు. గతుకుల దారి, యర్రగొండపాలెం చేరేసరికి రెండుంబావు. మార్కాపురం బస్సు కదులుతోంది. మహేంద్ర అడ్డం పెట్టి ఆపితే మాలకొండయ్య పరుగున ఎక్కాడు.

సీటు దొరకగానే కావ్యకు ఫోన్ చేశాడు. కాసేపటికి తెర మీద సమయం కదిలింది. పక్కన ఎవరో ఆడమనిషి కూర్చుని ఉంది. ఫోన్ ఆమె చేతికిచ్చి, అవతల ఏమంటున్నారో విని సైగ చేయమంటే చేసేది. ఇవ్వలేదు. ఏం వినబడుతుందోనని భయం. ఆమె ముఖం మారడం చూడాల్సివస్తుందని భయం. సమయం కదులుతుంది కదా, మల్లమ్మ వింటున్నట్టే అనుకున్నాడు. మాట్లాడటం మొదలుపెట్టాడు.

"మల్లా, వస్తున్నా. బస్సులో ఉన్నా. కావ్యా, ఫోన్ మీ అత్త చెవి కాడ పెట్టమ్మా. మల్లా, నేను పొద్దున్నించీ యాడికీ పోలేదే. ఆ ఫోన్ ముందే ఉన్నా. ఆ సున్నా నొక్కితే నువ్వు బెదురుతావనుకున్నా. ఆ మహేంద్ర నొక్కినాక తెలిసింది, అట్ల కాదంట. నాకు తెలవదు మల్లా. తెలుసుంటే ఎనిమిదింటికే బయలుదేరేవాణ్ణి కదా. నీ మీద ఒట్టు."

బస్సులో మాటలు ఆగిపోయాయి. ఆయనకది తెలియదు. టికెట్ ఇవ్వడానికి వచ్చిన కండక్టరు కాసేపు నిలబడి, ముందువాళ్ళకు ఇచ్చుకుంటూ పోయాడు.

"నన్ను తిట్టు. ఎంత తిట్టాల్నో అంత తిట్టు. కావ్యతో రాయించు, కూచోని చదువుకుంటా. ఆ చెవి తెగిన గొర్రె ఉంది కదా, నిన్న రెండు పిల్లలేసింది. రెండూ ఆడవే. నువ్వు చూస్తే వదలవు. ఊపిరి గట్టిగా తీసుకోవద్దు, నిదానంగా తీసుకో. డాక్టరు చెప్పినట్టు ఇను. నువ్వు ఎవరి మాటా ఇనవు, అదే నాకు భయం. చెవులు పోయినాక నేను బతికింది నీ ముఖం చూసుకుంటానే మల్లా. ఎన్నడూ చెప్పలా. చెప్పాల్సిన పని లేదనుకున్నా. ఇప్పుడు చెప్తున్నా. వింటున్నావా? వింటున్నావులే. కట్ చేయొద్దు, అట్లే పట్టుకో. ఇంకెంతో లేదు, వచ్చేసినా."

ఒక గంటా పది నిమిషాలు మాట్లాడాడు. కొన్ని మాటలు రెండేసిసార్లు చెప్పాడు. మాటలు అయిపోతే దారిలో కనబడిన ఊళ్ళ పేర్లు చెప్పాడు. బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆసుపత్రి మెట్లెక్కేదాకా ఫోన్ చెవి దగ్గరే ఉంది. సమయం ఒక్కసారి కూడా ఆగలేదు.

వార్డులో చివరి మంచం. ముఖం మీద దుప్పటి కప్పి ఉంది. ఒకవైపు మాత్రం అంచు కాస్త తొలగించి ఉంది. అక్కడ మల్లమ్మ చెవి కనబడుతోంది. చెవికి ఆనించి కావ్య ఫోన్ పట్టుకుని కూర్చుంది.

మాలకొండయ్య నిలబడిపోయాడు. చేతిలోని ఫోన్ చూశాడు, ఆ ఫోన్ చూశాడు. కావ్య లేచి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మందుల చీటీ వెనక్కి తిప్పి రాసింది. అక్షరాలు ఎక్కీదిగీ ఉన్నాయి.

"రెండింటికి పోయింది మామా. మీ ఫోన్ తర్వాత వచ్చింది. నేను చెప్తే మీకు వినపడదు. కట్ చేస్తే పేజీ తెరిచి చూసుకుంటారు, బస్సులో మీరొక్కరే ఉంటారు. అందుకే కట్ చేయలేదు. మీరు చెవి కాడ పెట్టమన్నారని పెట్టినా."

ఆయన రెండుసార్లు చదివాడు. దుప్పటి తీసి మల్లమ్మ ముఖం చూశాడు. ఎనిమిదేళ్ళుగా చదువుతున్న ముఖం. ఈసారి ఏమీ తెలియలేదు. కోడలి వైపు తిరిగాడు.

"నేను రాలేదని కోపంగా పోయిందా అమ్మా? ఉన్నదున్నట్టు చెప్పు."

కావ్య చీటీ అందుకుంది. రాయబోయి ఆగింది. మామ కళ్ళలోకి చూసింది. అబద్ధం రాయవచ్చు, కానీ ఆ మనిషికి మిగిలింది రాసిన మాట ఒక్కటే. ఉన్నదే రాసింది.

"కోపం లేదు మామా. మీకు అక్కడ ఏమో అయిందనుకుంది. ఎవరినన్నా పంపించి చూడమని మాట పడిపోయేదాకా నన్ను బతిమాలింది."

మాలకొండయ్య చీటీ చదివి మంచం కోడు పక్కన నేల మీద కూర్చున్నాడు. కోపంగా పోయిందని రాసి ఉన్నా తట్టుకునేవాడు.